గోడ మీద చీటీలా, ట్రెల్లోనా?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే అనంతపురం పిల్లలు నన్నడిగేది ఇదే: "అన్నా, పనులు రాసుకోడానికి ట్రెల్లో పెట్టుకోవాలా, జీరానా, ఉత్త స్టిక్కీ నోట్స్ చాలా?"

ట్రెల్లో, జీరా రెండూ టీం పనులను కంప్యూటర్లో వరుసలుగా చూపించే సాధనాలు. స్టిక్కీ నోట్స్ అంటే వెనక జిగురుండే చీటీలు. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. మూడు వరుసలు ఎక్కడైనా అవే. అసలు సంగతంతా నడిమి వరుసలో ఉంది. నలుగురున్న టీంలో ఒకేసారి పది పనులు నడుస్తుంటే ఒక్కటీ తెగదు. గోడ మీద ఆ వరుసకు ఒక చీటీ వెడల్పున అడుగు పొడవు జాగా గీయండి. మూడంగుళాల చీటీలు నాలుగే పడతాయి. ఐదోది అంటించాలంటే ఒకటి పీకాల్సిందే, ఏది పీకాలో నలుగురూ అక్కడే నిలబడి తేల్చుకోవాల్సిందే. జీరాలోనూ వరుసకు పరిమితి పెట్టొచ్చు. కానీ దాటితే వరుస ఎర్రబడుతుంది, అంతే, ఆపదు. ఆ ఎరుపు రెండ్రోజులకు కళ్లకు అలవాటైపోతుంది. ట్రెల్లోలో జాబితా కిందికి ఎంతైనా సాగుతుంది, అడుగున ఉన్నది ఎవరికీ కనబడదు.

ఇంకోటి, చీటీ చిన్నది. లావు మార్కరుతో "శెనక్కాయల రేట్లు తెచ్చే పేజీ" అని పడుతుంది. "యాప్ మొత్తం తెలుగులోకి, లాగిన్, ఓటీపీ, టెస్టింగ్" పట్టదు. పట్టకపోతే ముక్కలు చేయాల్సిన పనన్నమాట.

ఇక చీటీలతో చిక్కులు. 1968లో త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ చేసిన ఆ జిగురు బలహీనంగా ఉండడమే దాని గొప్ప. దుమ్ము తగిలితే మాత్రం పని అయిపోయినట్టే. సున్నం గోడకు అంటించి ఫ్యాన్ ఐదులో పెడితే, పొద్దున్నే నేల మీద ఏరుకుంటూ "ఇది ఏ వరుసలోదప్పా?" అని కొట్లాడుకోవాలి. బీరువా తలుపో, కిటికీ అద్దమో వాడండి. కట్టలోంచి తీసేటప్పుడు కింది నుంచి పైకి లాగితే వంకర తిరుగుతుంది, పక్క నుంచి లాగండి.

ఒకరు ధర్మవరం వెళ్లిపోతే? సాయంత్రం బీరువా ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తే సరిపోతుంది. ఇద్దరు బెంగళూరులో ఇంటర్న్‌షిప్‌లో ఉంటే సరిపోదు, అప్పుడు మొహమాటం లేకుండా ట్రెల్లోకే పోండి. ఏ పని ఎప్పుడు ముగిసిందో గైడుకు చూపించాలన్నా అదే మేలు, చీటీ చింపాక లెక్క మిగలదు.

జీరా పది మంది దాకా ఉచితమే. 2002లో బగ్గుల, అంటే ప్రోగ్రాముల్లోని తప్పుల లెక్క కోసం పుట్టిన సాధనం, మంచిదే, నలుగురికి మాత్రం బరువు. వైట్‌బోర్డును ఎవరో ఒకరు తుడిచేస్తారు. ఎక్సెల్ హాజరు పట్టీకి బాగుంటుంది.

గది ఒకటే అయితే నేను బీరువా వైపే. ఈ ఏడాది అడిగిన పిల్లలకూ అదే చెప్పి, ముందు అడుగు స్కేలు తెచ్చుకోమన్నాను.