హామ్ ప్యాకెట్టుతో రాత్రి వంట: ఫ్రైడ్ రైసా, ఆలూ వేపుడా, ఆమ్లెట్టా?

బెంగళూరులో ఫ్రేజర్ టౌన్, కుక్ టౌన్ వైపు కోల్డ్ స్టోరేజీ షాపుల్లో (చల్లబరిచిన మాంసం అమ్మే కొట్లలో) హామ్ స్లైసులు తెచ్చుకునేవాళ్లు ముందు ప్యాకెట్ చూడాలి: వండినదేనా, పచ్చిదా? ఇక్కడ చెప్పేదంతా వండిన హామ్ గురించి. పంది వెనక తొడ మాంసాన్ని ఉప్పు, నైట్రైట్ అనే నిల్వ లవణంతో ఊరబెట్టి ఉడికించినది అది. ఆ గులాబీ రంగు నైట్రైట్ వల్లే. మనం మళ్లీ ఉడికించక్కర్లేదు, అంచులు ఎర్రబడితే చాలు. ఉప్పునీరు ఎక్కించిన మాంసం గనక పెనం మీద నీరు వదులుతుంది. ఏ వంటకైనా ముందు టిష్యూతో అద్ది తడి తీసేయండి.

ఆమ్లెట్ పది నిమిషాల పని. మూడు గుడ్లకు 50 గ్రాముల హామ్, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. ఉప్పు వేయకండి. హామ్‌ను వేయించకుండానే గుడ్డు మీద చల్లితే దాని నీరు దిగి మధ్యలో తడిగా ఉండిపోతుంది. ముందు నిమిషంపాటు వేయించి, దాని మీదే గుడ్డు పోయండి. ఇద్దరికి రాత్రి భోజనంగా మాత్రం ఇది చాలదు.

ఫ్రైడ్ రైస్ కడుపు నింపుతుంది కానీ చెడే అవకాశాలు ఎక్కువ. మూడు కప్పుల అన్నానికి 100 గ్రాముల హామ్, రెండు గుడ్లు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉల్లికాడలు. మన సోనా మసూరి వేడిగా ఉంటే ముద్దయిపోతుంది. వండిన గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచిన అన్నం కావాలి. బయట వదిలేసిన రాత్రి అన్నం వాడొద్దు, అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం వేయించినా పోదు. హామ్ వేయించి పక్కకు తీసి, అన్నం వేగాక చివర్లో కలపండి. సోయా సాస్ ఒక టీస్పూను దాటితే హామ్ ఉప్పుతో కలిసి నోట్లో పెట్టుకోలేరు.

నా ఓటు ఆలూ వేపుడికే. కారణం ఒక్కటే: చప్పటి దుంప హామ్ ఉప్పును, కొవ్వును పీల్చుకుంటుంది, మిగతా రెండిట్లో ఆ ఉప్పు ముక్కల్లోనే ఉండిపోతుంది. 400 గ్రాముల దుంపల్ని ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలుగా కోసి, ఉప్పు లేని నీళ్లలో ముప్పాతిక వంతు ఉడకనివ్వండి. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలుగా ఆరు నిమిషాలు పట్టేది ఎనిమిది పట్టొచ్చు. చాకు గుచ్చితే దిగాలి, ముక్క విరగకూడదు. వార్చి, ఆవిరి పోయేదాకా ఆరబెట్టండి. ఈ మెట్టు వదిలేస్తే దుంప పెనానికి అంటుకుని ముక్కలుముక్కలవుతుంది. రెండు చెంచాల నూనెలో మధ్యస్థ మంట మీద పది పన్నెండు నిమిషాలు, మాటిమాటికీ కలపకుండా వేయించండి. పోపు గింజలు వద్దు. కరివేపాకు, రెండు చీల్చిన పచ్చిమిర్చి చాలు. చివరి మూడు నిమిషాల్లో 120 గ్రాముల హామ్, అర టీస్పూను మిరియాల పొడి. హామ్ ముందే వేస్తే తోలులా గట్టిపడుతుంది. గరం మసాలా జోలికి పోకండి, హామ్ వాసనే మాయమవుతుంది. దించాక రుచి చూసి, అవసరమైతేనే ఉప్పు.

తెరిచిన ప్యాకెట్టు ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు రోజులే. ఫ్రీజర్‌లో పెట్టిన హామ్ కరిగాక ఇంకా ఎక్కువ నీరు వదులుతుంది. దాన్ని వేపుడికే వాడండి, ఆమ్లెట్‌కు పనికిరాదు.