కోతా, వారం వారం ఇంజెక్షనా?

పర్లాకిమిడిలో మా కుక్క రాజుగాడు పడుకుని లేచిన చోటల్లా గచ్చు మీద రక్తపు చుక్కలు. మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్‌లా గడ్డ. టీవీటీ అన్నారు డాక్టరుగారు. జత కట్టినప్పుడు క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటుకునే జబ్బు.

ఆపరేషన్ అయితే ఒక్కరోజులో అయిపోతుందని అమ్మ ఆశ. కానీ ఆ చోట మొత్తం కోసి తీయడం కష్టం, మళ్లీ మొలిచే భయం ఎక్కువ.

విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందుకి ఓపిక కావాలి. వారానికో ఇంజెక్షన్, మామూలుగా 4 నుంచి 6 వారాలు. ముందు రక్తపరీక్ష చేయించాలి, తెల్లకణాలు బాగా తగ్గితే ఆ వారం ఆపాలి. మందు నరం బయటికి కారితే పుండు పడుతుంది. అందుకే కాలు కదలకుండా నేనే పట్టుకునేదాన్ని. మందు మూత్రంలోనూ కొంత వస్తుంది కాబట్టి దాన్ని గ్లవ్స్ వేసుకునే కడగాలి. అయినా నా ఓటు దీనికే, ఈ గడ్డ చాలా కుక్కల్లో ఈ మందుకు కరిగిపోతుంది. (ఆడకుక్కల రొమ్ము గడ్డల సంగతి వేరు, వాటికి మామూలుగా కోతే ముందు.)

రెండో ఇంజెక్షన్ తర్వాత చుక్కలు ఆగాయి. పక్కింటి ఒడియా పిన్నిగారు పెట్టిన పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) గిన్నెను వాడు అడుగుదాకా నాకేశాడు.