లోన్‌తో అంటగట్టిన ఇన్సూరెన్స్ ఇంటికి పనికొస్తుందా? తిరుపతి, చిత్తూరు వాళ్లు కాగితం తీసి చూసుకోండి

తిరుపతిలో ఫ్లాటుకో, చిత్తూరులో సొంతిల్లు కట్టుకోవడానికో లోన్ తీసుకున్నవాళ్లలో చాలామంది "ఇంటికి ఇన్సూరెన్స్ ఉందిలే" అని ధీమాగా ఉంటారు. లోన్ ఫైల్లోంచి ఆ పాలసీ తీసి మొదటి పేజీ చదవండి. లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, నామినీ పేరు కనిపిస్తే అది ఇంటికి చేసిన బీమా కాదు, మీ ప్రాణానికి చేసింది. మీకేమైనా అయితే అప్పు తీరుతుంది. ఇల్లు కాలినా మునిగినా పైసా రాదు. దాన్నే 'హోమ్ లోన్ ఇన్సూరెన్స్' అని చెప్పి, ప్రీమియాన్ని లోన్‌లో కలిపేస్తారు, దానికీ వడ్డీ పడుతుంది. ఫలానా కంపెనీ పాలసీనే తీసుకోవాలని బ్యాంకు బలవంతపెట్టకూడదు.

ఇంటికి కావలసింది భారత్ గృహ రక్ష. 2021 ఏప్రిల్ 1 నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు ఒకే నిబంధనలతో ఇస్తున్న పాలసీ ఇది. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం అన్నీ అందులోనే ఉంటాయి. వరదకు వేరే డబ్బు కట్టాలని ఏజెంట్ అంటే అక్కడే ఆగిపోండి. 2021 నవంబర్ వానలకు తిరుపతి పల్లపు కాలనీల్లోకి నీళ్లొచ్చిన తీరు చూశాక వరద కవర్ మనకు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

ఎక్కువ మోసం జరిగేది సమ్ ఇన్సూర్డ్ (పాలసీలో రాసే బీమా మొత్తం) దగ్గర. లెక్క ఇలా ఉండాలి: కార్పెట్ ఏరియాను (గోడల లోపల వాడుకునే నేల వైశాల్యం) నేటి నిర్మాణ ఖర్చుతో గుణించాలి. 1,000 చదరపు అడుగులకు అడుగుకు 2,000 రూపాయల చొప్పున 20 లక్షలు. అంకణం రేటు పెట్టి చెప్పే స్థలం విలువ ఇందులోకి రాదు. ఫ్లాటు కొన్న ధర 60 లక్షలని అంతా రాయించుకుంటే ఎక్కువ ప్రీమియం పోతుందంతే, క్లెయిమ్‌లో తిరిగి కట్టే ఖర్చే ఇస్తారు. బ్యాంకు చేయించిన పాలసీల్లో దీనికి తలకిందులు: మిగిలిన లోన్ 8 లక్షలైతే అంతే రాసి వదిలేస్తారు, గోడలన్నీ కూలినా దాన్ని మించి రాదు.

ఇంట్లో సామానుకు భవనానికి రాసిన బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు కవర్ దానంతటదే వస్తుంది. బంగారం అందులో లేదు, విడిగా రాయించాలి. మామూలు దొంగతనమూ లేదు. వరదో మంటో వచ్చిన 7 రోజుల్లోపు జరిగిన చోరీకి మాత్రమే ఇస్తారు. షార్ట్ సర్క్యూట్‌తో ఫ్రిజ్ కాలితే ఆ ఫ్రిజ్‌కు రాదు, దాని నుంచి మంట పాకి ఇల్లు కాలితే మిగతా నష్టానికి వస్తుంది. ఏళ్ల తరబడి గోడల్లోకి దిగిన చెమ్మ, కొత్త కట్టడం కుదురుకునేటప్పుడు వచ్చే బీటలు క్లెయిమ్‌కు నిలబడవు. అన్నీ కవర్ అవుతాయని నోటిమాటగా చెప్పే ఏజెంట్‌ను ఈ ఒక్క పేరా గురించి అడగండి. తడబడితే వదిలేయండి.

ప్రీమియం ఏజెంట్ ఫోన్‌పేకి పంపొద్దు. కంపెనీ లింకులోనో, కంపెనీ పేరు మీద చెక్కుతోనో కట్టండి. కంపెనీకి డబ్బు చేరేదాకా బీమా మొదలవదు. పాలసీ నంబరు రాగానే కాగితం మీదున్న నంబరుకు కాకుండా, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి సరిచూసుకోండి. కమిషన్‌లో సగం వెనక్కిస్తానంటే ఒప్పుకోవద్దు, 1938 బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది నేరం.

నష్టం జరిగితే బురద ఎత్తకముందే గోడల మీద నీటి గుర్తుతో సహా ఫోటోలు తీయండి. నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి చూసేదాకా పాడైన సామాను పారేయొద్దు. కంపెనీ సరిగా స్పందించకపోతే బీమా నియంత్రణ సంస్థ IRDAI హెల్ప్‌లైన్ 155255కి ఫోన్ చేయండి, లేదా దాని బీమా భరోసా పోర్టల్లో రాయండి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెలైనా జవాబు లేకపోతే, మన రాష్ట్రం కేసులు చూసే హైదరాబాద్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి 50 లక్షల దాకా క్లెయిమ్‌తో వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.