టైపింగుకి నాలుగు చుక్కలు, నోటికి సున్నా

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి నడక దూరంలో ఉన్న ఒక డీటీపీ సెంటరు గురించి రివ్యూ ఇది. పేరు రాయను, ఎందుకో కింద చెప్తాను. తెలుగు టైపింగ్ పేజీకి 30 రూపాయలు, ఒకసారి ప్రూఫు దిద్దడం అందులోనే. స్పైరల్ బైండింగ్ 40. కూర్చోడానికి ఒక్క స్టూలు, దాని మీద ఎప్పుడూ ఎవరిదో హెల్మెట్ ఉంటుంది. చెప్పిన రోజుకి అయిదు రోజులు ఆలస్యం చేశారు. మన ఊళ్లో ఇది ఆలస్యం కింద లెక్కకి రాదు కాబట్టి వదిలేస్తున్నాను.

నేనిచ్చిన పని ఇది. మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది, 16 ఏళ్లు. ప్రాణంలా చూసుకునే ఒక సినిమా ఉంది దానికి. ఆ సినిమా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి తనే కథ ఎత్తుకుని రెండు లాంగు నోటుబుక్కులు నింపేసింది. ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. పుట్టినరోజుకి ఏం కావాలే అంటే, "పిన్నీ, ఇది పుస్తకంలా చేయించీవా?" అంది. పట్టుకెళ్లి ఇచ్చాను.

టైపింగు మాత్రం మెచ్చుకోవాల్సిందే. 41 పేజీల్లో నాకు దొరికినవి ఆరు తప్పులు, వాటిలో రెండు మా గుంట చేసినవే. నేను తెలుగు టీచర్ని, వత్తు పోతే నాకు నిద్ర పట్టదు. ఇక్కడ వత్తులు పోలేదు, ణ బదులు న పడలేదు. అంతకంటే బాగా నచ్చిందేమిటంటే, టైపు చేసే అబ్బాయి ప్రూఫు పక్కన పెన్సిల్‌తో సన్నగా ప్రశ్నలు రాశాడు. "8లో గుర్రం పేరు మెరుపు, 23లో ఉరుము. రెండు గుర్రాలా?" "హీరోయిన్‌కి 19 ఏళ్లన్నారు, కలెక్టర్ ఎలా అయింది?" నాకు బాగా గుర్తుండిపోయింది ఇది: "రథసప్తమి నాడు అరసవిల్లిలో గుర్రాన్ని ఎక్కడ కట్టారు? అక్కడ మనిషి నిలబడ్డానికే చోటుండదు." ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు. పని చేస్తూ చేస్తూ ఆ అబ్బాయి కథలో పడిపోయాడు.

ఇక సున్నా సంగతి.

ప్రూఫు తీసుకోడానికి వెళ్లినప్పుడు కౌంటరు దగ్గర నలుగురున్నారు. భూమి అర్జీ జిరాక్సుకి వచ్చిన పెద్దాయన ఒకరు, రికార్డు షీట్లతో బీఈడీ కుర్రాళ్లు ముగ్గురు. అందరూ కౌంటరు అద్దం మీదకి వంగి నవ్వుతున్నారు. నేనూ వంగాను. అద్దం కింద ఓ పెద్దకర్మ కార్డు ఉంది: "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి మమ్మానందింపజేయ ప్రార్థన." షాపాయనే చెప్పాడు, "అది మా తప్పేనండి, పెళ్లి కార్డు ఫైల్లోనే కొట్టీసాం" అని. తన తప్పు తనే అద్దం కింద పెట్టుకున్నాడు. నాకు ముచ్చటేసింది.

దాని పక్కన పెద్దది చేసిన జిరాక్సు కాగితం. "అతని కన్నీళ్లకి నాగావళి పొంగింది. ఆమె చున్నీ తడిసి ముద్దయింది. ఆ చున్నీ పిండితే ఇంకో నది పుట్టింది."

నవ్వొచ్చేసింది. గట్టిగానే నవ్వాను. నవ్వు సగంలో ఉండగా ఆ 'ళ' కనిపించింది. తోక కిందికి లాగి చుట్ట చుడుతుంది మా గుంట, ఆరో తరగతి నుంచీ మాన్పిద్దామని చూస్తున్నాను.

ఆ కాగితం షాపు వాట్సాప్ స్టేటస్‌లో కూడా ఎక్కిందని ఇంటికెళ్లాక తెలిసింది. మా గుంట స్నేహితురాలి అన్నయ్య ఫోనులో చూశాడట. నాకంటే ముందే దానికి తెలుసు. వారం రోజుల పాటు పుస్తకం ఊసెత్తలేదు.

నేనేమీ పత్తిత్తుని కాదు. పరీక్షలప్పుడు స్టాఫ్ రూంలో జవాబు పత్రాలు దిద్దుతూ "ఇది వినండి" అని పైకి చదివేది నేనే. టీలు చల్లారిపోయేదాకా నవ్వుకుంటాం. ఆ పిల్లలెవరూ తమ రాతలు మాకు వినోదం కోసం ఇవ్వలేదు, మార్కుల కోసం ఇచ్చారు. పదేళ్లుగా చేస్తున్న పని, దాని గురించి ఈ నెలే ఆలోచించాను.

మా గుంట అమాయకురాలేం కాదు. నేను మెల్లగా "హీరోయిన్ మరీ అన్నీ వచ్చినదానిలా ఉందే" అంటే నవ్వింది. "తెలుసు పిన్నీ, మేరీ స్యూ అంటారు దాన్ని" అంది. 1973లో పౌలా స్మిత్ అనే ఆవిడ, స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ సీరియల్ అభిమానులు రాసే కథల్లో అన్నింటా ఆరితేరిన చిన్నపిల్లల్ని చూసి చూసి, పదిహేనున్నర ఏళ్లకే లెఫ్టినెంట్ అయిన మేరీ స్యూ అనే పిల్లతో ఒక ఎకసెక్కపు కథ రాసిందట. ఆ పేరే స్థిరపడిపోయింది. గమనించాల్సిందేమిటంటే, ఆవిడ ఏ ఒక్క పిల్ల నోటుబుక్కూ తెచ్చి గోడకి అంటించలేదు. ఆ తరహాని పట్టుకుని సొంతంగా కథ అల్లింది. తగిలినవాళ్లకి తగిలింది, పేరు మాత్రం ఎవరిదీ పోలేదు.

తర్వాత మా గుంటే ఇంకోటి చెప్పింది, ఈసారి నవ్వకుండా. జిమ్ థైస్ అనే అమెరికా కుర్రాడి కథ 'ది ఐ ఆఫ్ ఆర్గాన్' 1970లో ఒక చిన్న అభిమానుల పత్రికలో అచ్చయింది. కత్తులు, వీరుల కథ. సైన్స్ ఫిక్షన్ సభల్లో ఏళ్ల తరబడి దాన్ని పైకి చదవడం ఒక ఆటగా సాగింది. నవ్వకుండా చదవాలి, నవ్వితే కాగితం పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇక ఎప్పుడూ రాయనని ఆ కుర్రాడు తర్వాత ఒక ఇంటర్వ్యూలో అన్నాడట. "రాసినప్పుడు వాడికెంతో తెలుసా పిన్నీ? పదహారు."

మర్నాడు షాపుకి వెళ్లాను.

"సరదాకి పెట్టానండి టీచరు గారూ. పేరు పెట్టలేదు కదా" అన్నాడు.

"చేతిరాత ఉంది కదా బాబూ. ఊరంతా కలిపితే ఎంత?"

"మరి రాసినాక జనం చదవరా? చదివితే నవ్వరా?"

ఈ ప్రశ్నని నేను తీసిపారెయ్యను. వాక్యం బాగులేకపోతే నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. టైపు చేస్తున్నప్పుడు ఆ పెన్సిల్ అబ్బాయికీ వచ్చే ఉంటుంది. కానీ అతని నవ్వు మార్జిన్‌లో ప్రశ్నగా మారి, రాసినమ్మాయి దగ్గరికే చేరింది. దానితో ఆ పిల్ల చెయ్యగలిగింది ఉంది. స్టేటస్ చూసి ఏం చెయ్యగలదు? పైగా అది జనానికి ఇవ్వలేదు, షాపుకి ఇచ్చింది, టైపు చెయ్యమని డబ్బిచ్చి మరీ. "ఆ పెద్దాయన భూమి అర్జీలోనూ తప్పులున్నాయి, అదీ పెడతావా?" అన్నాను. మాట్లాడలేదు. అద్దం ఎత్తి కాగితం తీశాడు. కర్మ కార్డు ఉంచాడు. స్టేటస్ అప్పటికే పోయింది, 24 గంటలు దాటాయి కదా. తప్పయిందని మాత్రం అనలేదు. బైండింగ్ 40 తీసుకోనన్నాడు, నేను బలవంతంగా ఇచ్చాను.

మన ఊళ్లోనే కథారచయిత కాళీపట్నం రామారావు గారు, అదే మన కారా మాస్టారు, 1997లో పెట్టిన కథానిలయం లైబ్రరీ ఉంది. అచ్చయిన ప్రతి తెలుగు కథా దొరకాలని పోగేశారు, మంచిదీ చెడ్డదీ అని ఏరకుండా. అదున్న ఊళ్లో ఈ అద్దం నాకు మరీ చిన్నగా కనిపించింది.

షాపు పేరు ఎందుకు రాయలేదంటే, ఆ రాత్రి నేను ఇంకో రివ్యూ రాశాను. అందులో ఆయన యాస, ఆయన పొట్ట, ఆ హెల్మెట్ స్టూలు, అన్నీ ఉన్నాయి. అక్కకి పంపితే పడీపడీ నవ్వింది. పొద్దున్న లేచి చెరిపేశాను.

పని ఇవ్వొచ్చా అంటే, ఇవ్వొచ్చు. ఇచ్చేముందు "అద్దం కిందకి వద్దు" అని చెప్పండి. ఆ పెన్సిల్ అబ్బాయికే ఇమ్మని అడగండి. స్పైరల్ కొంచెం బిగువుగా వేస్తారు, మొదటి పేజీ చిరుగుతుంది, మందం అట్ట అడగాలి.

మా పుస్తకం ఫైనల్ ప్రింటు ఇంకా కాలేదు. కొట్టీమంటారా అని షాపాయన రెండుసార్లు ఫోన్ చేశాడు. చున్నీ వాక్యం తీసెయ్యమని నేనంటే మా గుంట ఒప్పుకోలేదు. ఆ వాక్యం పక్కన పెన్సిల్ అబ్బాయి రాసింది ఒకటే: "ఈ నదికి పేరేటి?" దాని కోసమే ఆగింది. వంశధార, మహేంద్రతనయ, బాహుద, సువర్ణముఖి, ఉన్నవన్నీ కాగితం మీద రాసుకుని కొట్టేస్తోంది.