యూనివర్సల్ గేర్ నాబ్ కిట్టు: నాబ్ మంచిదే, బుష్‌లతోనే చిక్కు

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఏ కార్ డెకార్ షాపుకెళ్లినా ఈ కిట్టు ఏదో ఒక పేరుతో ఉంటుంది. డబ్బా మీద బొమ్మ మారుతుంది గానీ లోపలి సరుకు దాదాపు ఒకటే: గేరు రాడ్డు పైన చేత్తో పట్టుకునే అల్యూమినియం నాబ్, రాడ్డుకూ నాబ్‌కూ మధ్య తొడిగే 8, 10, 12 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బుష్‌లు మూడు, తల లేని చిన్న గ్రబ్ స్క్రూలు మూడు, వాటిని తిప్పే 2 మిల్లీమీటర్ల ఎలెన్ కీ ఒకటి. "యూనివర్సల్ సార్, ఏ బండికైనా పడుద్ది" అంటారు. పడటం నిజమే, నిలబడటం మాత్రం బిగించే తీరు మీద ఉంటుంది. నాబ్ కొనొచ్చు. దాంతో ఇచ్చిన బుష్‌లు వాడొద్దు.

డబ్బాలోని పద్ధతి ప్రకారం పాత నాబ్ తీసి, రాడ్డుకు సరిపోయే బుష్ తొడిగి, దాని మీద కొత్త నాబ్ పెట్టి, చుట్టూ 120 డిగ్రీల ఎడంలో ఉన్న మూడు స్క్రూలు బిగించాలి. ఆ స్క్రూ మొన ఇనుప రాడ్డును తాకదు, మధ్యలో ఉన్న ప్లాస్టిక్‌లో దిగి ఆగిపోతుంది. గేరు మార్చిన ప్రతిసారీ చెయ్యి నాబ్‌ను ముందుకీ వెనక్కీ గుంజుతుంది కాబట్టి మొన దిగిన గుంట సాగి సాగి గాడి అవుతుంది. బుష్ విప్పి చూస్తే ఆ గాడి కంటికే కనిపిస్తుంది. దానికి తోడు మన ఎండలు. రోహిణి కార్తెలో నీడ లేని చోట అద్దాలు మూసి పెట్టిన కారులో వేడి 60 డిగ్రీలు దాటుతుంది, ప్లాస్టిక్ పట్టు వదిలేస్తుంది. మొదట నంబర్ల బిళ్ల పక్కకు తిరుగుతుంది, ఆ తర్వాత నాబ్ ఆడుతుంది, చివరికి చేతిలోకి ఊడొస్తుంది. కావలి దాటాక హైవే మీద లారీని దాటే వేళ అలా జరిగితే అది చిన్న విషయం కాదు.

అందుకే కొత్త నాబ్ ఎంచుకునే ముందు పాతది విప్పి రాడ్డు చూడాలి. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఒక చేత్తో రాడ్డును కింద పట్టుకుని నాబ్‌ను అపసవ్యంగా తిప్పండి. తిరిగితే థ్రెడ్ (మర) ఉన్న రాడ్డు, పని సులువు. గట్టిగా తిప్పినా కదలకపోతే అది ఒత్తి దిగేసినదో క్లిప్పుతో పట్టినదో అయి ఉంటుంది. అక్కడ పట్టకారు ప్రయోగించకండి.

థ్రెడ్ ఉంటే రెండు కొలతలు కావాలి, లావు, పిచ్ (ఒక మర నుంచి పక్క మరకు దూరం). హోండా కార్లలో ఎక్కువగా ఎం10 × 1.5 (అంటే 10 మిల్లీమీటర్ల లావు, 1.5 పిచ్), టయోటా మాన్యువల్ కార్లలో ఎక్కువగా ఎం12 × 1.25 ఉంటుంది. మిగతా బండ్లకు అంచనా వద్దు, కొలవండి. స్కేలు ఆనించి 10 మిల్లీమీటర్లలో ఎన్ని మరలున్నాయో లెక్కపెడితే చాలు: ఎనిమిది వస్తే 1.25, ఆరున్నర దాటితే 1.5. ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కింది నుంచి లాక్ చేయడానికి హార్డ్‌వేర్ షాపులో ఎం10 నట్టు అడిగితే ఇచ్చేది 1.5 పిచ్‌ది, ఎం12 అడిగితే 1.75ది. 1.25 కావాలంటే "ఫైన్ థ్రెడ్" అని విడమరచి అడగాలి. పిచ్ తప్పిన నట్టు రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కి ఆ తర్వాత బిగుసుకుంటుంది. స్పానర్ వేసి తిప్పితే పాడయ్యేది నట్టు ఒక్కటే కాదు, రాడ్డు మర కూడా.

ఈ కిట్టుకు సరైన మందు లేత్ షాపులో ఉంది. రాడ్డు థ్రెడ్ కొలత, నాబ్ లోపలి రంధ్రం వ్యాసం రాసుకెళ్లి, లోపల ఆ థ్రెడ్, బయట రంధ్రంలో వదులు లేకుండా జారే సైజు ఉండేలా ఒక అల్యూమినియం బుష్ తిప్పించుకోండి. రాడ్డు మీద కనీసం 10 మిల్లీమీటర్ల పట్టుండాలి, అంటే 1.25 పిచ్‌లో ఎనిమిది చుట్లు. ముందు రాడ్డు మీద లాక్ నట్టును కిందిదాకా దింపి, బుష్ ఎక్కించి, నట్టును పైకి తెచ్చి బుష్‌కు బిగించాలి. నట్టును బట్టి 14 నుంచి 19 దాకా ఏదో ఒక స్పానర్ పడుతుంది. లోహానికి లోహం తగిలే ఈ మరల మీద, అవి వదులవకుండా పట్టే జిగురు లాక్‌టైట్ 243 ఒక చుక్క వేయొచ్చు, తర్వాత మామూలు స్పానర్‌తోనే విప్పుకోవచ్చు. ప్లాస్టిక్ భాగాలకు అది తగలనీయకండి, కొన్ని రకాలు చీలిపోతాయి. ఫెవిక్విక్ జోలికి అసలు పోవద్దు.

బుష్ కదలకుండా కూర్చున్నాక అలైన్‌మెంట్ తేలిక. నాబ్ తొడిగి, నంబర్లు సరిగ్గా వచ్చేలా తిప్పి, మూడు స్క్రూలనూ తేలికగా ఆనించండి. విప్పితే బుష్ మీద మూడు గీతలు పడి ఉంటాయి. ఆ చోట్ల డ్రిల్ మొనతో ఒక మిల్లీమీటరు లోతు గుంటలు చేసి మళ్లీ తొడిగితే స్క్రూ మొనలు వాటిలో కూర్చుంటాయి, ఇక నాబ్ తిరగదు. ఒక స్క్రూను పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి పోతే నాబ్ ఒక పక్కకు ఒరుగుతుంది. పావు చుట్టు చొప్పున మూడింటినీ వంతులవారీగా బిగించాలి. కిట్టులోని ఎలెన్ కీ మెత్తది, స్క్రూ రంధ్రంలో మూలలు అరగదీస్తుంది. మంచి కీ ఒకటి కొనుక్కోండి.

నాబ్‌లోనే థ్రెడ్ ఉన్న రకం కొంటే బుష్ అక్కర్లేదు గానీ అలైన్‌మెంట్‌కు ఓపిక కావాలి. నాబ్‌ను చివరిదాకా ఎక్కించి, నంబర్లు ఎదురుగా వచ్చేదాకా వెనక్కి తిప్పండి. ఒక చుట్టు కూడా పట్టదు. అప్పుడు లాక్ నట్టును పైకి తెచ్చి బిగించాలి. నట్టు పైకి వచ్చేటప్పుడు అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి నాబ్‌ను కూడా అటే లాక్కుపోతుంది. అందుకని నంబర్ల బొమ్మను సవ్యదిశలో ఐదు పది డిగ్రీలు ఎక్కువగా ఉంచి బిగిస్తే సరిగ్గా మధ్యకు వస్తుంది. రాడ్డు మీద మెట్టు ఉండి నాబ్ అక్కడే ఆగే బండ్లలో పల్చటి వాషర్ వాడొచ్చు: 1.25 పిచ్‌లో 0.2 మిల్లీమీటర్ల వాషర్ వేస్తే నాబ్ దాదాపు 60 డిగ్రీలు ముందే ఆగుతుంది. టెఫ్లాన్ టేపు రెండు చుట్లు వేస్తే గలగల తగ్గుతుంది, లాక్ నట్టు చేసే పని మాత్రం అది చేయలేదు.

సరిగ్గా ఉందో లేదో డ్రైవర్ సీట్లో కూర్చునే చూడాలి. షాపు కుర్రాళ్లు ఎడమ డోరు తెరిచి వంగి బిగిస్తారు, వాళ్ల కంటికి తిన్నగా ఉన్నది మీ కంటికి వంకరగా ఉంటుంది. క్లచ్ తొక్కి మూడు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి మూడుకు వేసి చూడండి. చెయ్యి వెళ్లే దారి, బిళ్ల మీద 3–4 గీత ఒకే వరసలో ఉండాలి.

ఆ బిళ్లను కూడా జాగ్రత్తగా ఎంచుకోండి. ఆరు గేర్ల బండిలో ఆరో గేరు ఉండే చోటే చాలా ఐదు గేర్ల బండ్లలో రివర్స్ ఉంటుంది. బిళ్ల మారితే బండి కొత్తగా తీసుకున్నవాళ్లు మోసపోతారు. క్రెటా, డస్టర్ మాన్యువల్ లాగా నాబ్ కింద రింగు ఎత్తి రివర్స్ వేసే బండ్లలో రింగు పూర్తిగా పైకి లేవడానికి చోటుండాలి, నాబ్ దాన్ని నొక్కిపెడితే రివర్స్ పడదు. పోలోలో నాబ్, రాడ్డు చుట్టూ ఉండే రెక్సిన్ బూటు (తొడుగు) కలిపి క్లాంపుతో ఉంటాయి, రివర్స్‌కు కిందికి నొక్కాలి. అలాంటి బండికి ఈ కిట్టు తీసుకోవద్దు. ఆటోమేటిక్, ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే) బండ్లకు అసలే వద్దు.

పాత నాబ్ పట్టుకుని ఉన్న బూటు కొత్తదానితో కిందికి జారుతుంది. బూటును తిరగేసి లోపలి నుంచి జిప్ టై వేసి మళ్లీ పైకి మడిస్తే ముడి కనపడదు. అయిదో గేరులోనూ రివర్స్‌లోనూ బూటు బిగదీసుకుపోకుండా వదులు ఉంచండి.

ఇక సరుకు నాణ్యత. బరువున్న నాబ్‌తో గేరు పడటం నిజంగానే మెత్తగా అనిపిస్తుంది. గేరు దానంతటదే జారిపోతున్న పాత బండికి మాత్రం ఆ బరువు వద్దు, ముందు గేర్‌బాక్స్ చూపించండి. పూర్తిగా లోహంతో ఉన్నది మధ్యాహ్నం ముట్టుకోలేనంత కాలుతుంది, పైన లెదర్ కుట్టిన రకమే మనకు నయం. క్రోమ్ పూత ఉన్నది కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి చుక్కలు చుక్కలుగా లేస్తుంది. బిగించిన వారానికి ఒకసారి లాక్ నట్టు, స్క్రూలు తడిమి చూడండి. పాత నాబ్‌ను, దాని కింది రింగుతో సహా, డబ్బాలో దాచుకోండి. బండి అమ్మేటప్పుడు అది అడుగుతారు.