అనంతపురంలో మా స్కానింగ్ సెంటర్‌కు లీజ్డ్ లైన్ వేయించి 14 నెలలు: ఏం బాగుంది, ఏం బాగాలేదు

మాది సాయినగర్‌లో స్కానింగ్ సెంటర్. రాత్రిపూట తీసే సీటీలకు రిపోర్టు ఇచ్చే డాక్టర్ గారు బెంగళూరులో ఉంటారు, ఫొటోలన్నీ నెట్‌లోనే పోవాలి. పక్షవాతం వచ్చిన మనిషిని తీసుకొస్తే ముందు తలకు సీటీ తీసి, లోపల రక్తస్రావం లేదని తేలాకే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు, అదీ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అందుకే నెట్ విషయంలో నేను ఇంత పట్టుగా ఉంటాను.

పోయిన ఏడాది మే దాకా మామూలు బ్రాడ్‌బ్యాండే వాడాం. 100 ఎంబీపీఎస్ అని అమ్మారు, డౌన్‌లోడ్ బాగానే వచ్చేది, కానీ మాకు కావలసింది అప్‌లోడ్. ఒక స్టడీ, అంటే ఒక పేషెంటు స్కాన్ ఫొటోలన్నీ కలిపి, 500 ఎంబీ ఉందనుకోండి, 20 ఎంబీపీఎస్ వస్తే మూడున్నర నిమిషాల్లో వెళ్లిపోతుంది. రాత్రి 8 దాటి వీధిలో అందరూ క్రికెట్ పెట్టుకునేసరికి అది 2కు పడిపోయేది, అదే స్టడీకి అరగంట పైనే. ఆ లైను కట్టడమే అట్లా కడతారు: ఒక ఫైబర్‌ను స్ప్లిట్టర్లతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు, అది చాలదన్నట్టు ఆపరేటర్ పైనుంచి కొన్న బ్యాండ్‌విడ్త్‌నే ఊరంతా పంచుకోవాలి.

మేలో ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. మాకు జనరేటర్ ఉంది, సీటీ తీసేశాం, చూస్తే నెట్ బాక్సు మీద ఎర్ర లైటు కొట్టుకుంటోంది. వాళ్ల మెయిన్ మిషన్ రెండు వీధుల అవతల ఒక అపార్ట్‌మెంట్ మెట్ల కింద ఉంటుంది, దాని బ్యాటరీ అయిపోయింది. ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. సెల్ హాట్‌స్పాట్ పెట్టి పంపుతుంటే 41 శాతం దగ్గర ఆగి మళ్లీ మొదటి నుంచి మొదలైంది, పేషెంటు కొడుకు నా టేబుల్ ముందు నిలబడి "పోయినాయా అన్నా, ఇంకెంతసేపన్నా" అని అడుగుతూనే ఉన్నాడు. మొత్తం 50 నిమిషాలు పట్టింది. ఆయన కోలుకున్నారు, కానీ ఆ పిల్లోడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

మరుసటి వారమే లీజ్డ్ లైన్‌కు, అంటే మా ఒక్కరికే కేటాయించే లైనుకు, డబ్బు కట్టాను. 50 ఎంబీపీఎస్, ఒకటికి ఒకటి, అంటే అప్‌లోడ్ కూడా 50, మనతో పంచుకునేవాళ్లు ఉండరు. బిల్లు పాతదానికి చాలా రెట్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ. కానీ 500 ఎంబీ స్టడీ ఇప్పుడు నిమిషంన్నరలోపే పోతోంది, రాత్రి 9కి కూడా.

లైను వేసిన కుర్రాడి పని నాకు బాగా నచ్చింది. ఫైబర్ కొసను స్పిరిట్‌తో తుడిచి, కట్టర్‌లో టక్కున కోసి స్ప్లైసింగ్ మిషన్ మూత వేస్తే, చిన్న స్క్రీన్ మీద రెండు వెంట్రుకలు ఎదురెదురుగా వచ్చి అతుక్కున్నాయి. సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చూపే మీటరు పెట్టి "మైనస్ 11 వస్తాంది సార్, బాగుంది" అన్నాడు, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమన్నమాట. పాత లైనుకూ అదే మీటరు పెట్టి చూడమన్నాను: మైనస్ 28. అట్లాంటి లైన్లలో మైనస్ 27 దాటితే బాక్సుకు సిగ్నల్ అందడమే కష్టమంట. రోడ్డు తవ్విన ప్రతిసారీ జాయింటు మీద జాయింటు వేసి అక్కడికి తెచ్చారు. రెండేళ్ల పాటు "సర్వర్ డౌన్ సార్" అని చెప్పిన వాళ్లలో ఒక్కరైనా మీటరు పట్టుకుని రాలేదు!

పింగ్ గురించి కూడా చెప్పాలి, అంటే సిగ్నల్ అవతలికి పోయి తిరిగి రావడానికి పట్టే సమయం. బెంగళూరు మనకు 200 కిలోమీటర్ల పైచిలుకు, ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే పోయి రావడానికి 2 మిల్లీసెకన్లు చాలు. పాత లైనులో 38 మిల్లీసెకన్లు వచ్చేది, సిగ్నల్ ఏ దారిలో పోతోందో చూపే ట్రేస్‌రూట్ కమాండ్ కొడితే హైదరాబాద్ చుట్టి పోతోందని తేలింది. ఇప్పుడు 6. డాక్టర్ గారు మా సర్వర్‌లోకే వచ్చి ఫొటోలు తిప్పి చూసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుందన్నారు.

ఇక బాగాలేనిది. అగ్రిమెంట్‌లో 99.5 శాతం అప్‌టైమ్, అంటే అంత సమయం లైను పనిచేస్తుంది, అని రాశారు, వినడానికి బాగుంటుంది, లెక్క వేస్తే నెలకు 3 గంటల 36 నిమిషాలు పోయినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. మాకు 14 నెలల్లో మూడుసార్లు పోయింది, రెండు చిన్నవి, మూడోది డ్రైనేజీ పనుల్లో జేసీబీ తెంపేస్తే 5 గంటలు. అడక్కుండానే బిల్లులో తగ్గించారు, రాత్రి ఒంటిగంటకు కూడా ఫోన్ ఎత్తి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పారు, అది మెచ్చుకోవాలి. నాకు కోపం వచ్చింది వేరే దానికి. రెండు దారులు ఉన్నాయి, ఒకటి తెగితే రెండోది అందుకుంటుందని అమ్మేటప్పుడు చెప్పారు. ఆ రోజు లైన్‌మన్‌తో కలిసి గుంత దాకా నడిచి చూస్తే రెండు ఫైబర్లూ ఒకే పైపులో ఉన్నాయి, రెండూ ఒకేసారి తెగాయి. మీరు తీసుకునేముందు మ్యాపులో రెండు దారులూ గీయించుకోండి, మీ గేటు దాకా.

ఈ నెల ఇంకో ఏడాదికి రెన్యువల్ చేశాను. రెండో ఫైబర్ వెనక వీధి నుంచి వేరే స్తంభాల మీద రావాలని ఆర్డర్‌లో రాయించాకే సంతకం పెట్టాను, సర్వే చేసి వెళ్లారు, లైను ఇంకా పడలేదు.