449 రూపాయల స్టోయిక్ డైరీ: అట్ట ఊడింది, సాయంత్రం పేజీ నిలబడింది

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల లెక్కలు రాస్తాను. డీజిలెంత, ఐసెంత, కళాసీల వాటాలెంత, రోజూ ఇదే పని. నేను ఫోన్‌లో మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుందని ఇంట్లో పేరు. బీపీ మాత్ర మొదలయ్యాక మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఈ డైరీ తెప్పించింది. స్టోయిక్కులంటే, ఏం జరిగినా బుద్ధి చెదరనివ్వొద్దని చెప్పిన పాతకాలపు గ్రీకు, రోమన్ తాత్వికులు; వాళ్ల సూక్తులే ఇందులో ఉంటాయి. "మాత్రతో పాటు రోజూ ఇది కూడా ఒకటి వేసుకో నాన్నా" అంది.

ముందు సరుకు సంగతి. నల్ల అట్ట, ఎర్ర రిబ్బను, చూడ్డానికి దర్జాగానే ఉంది. మన ఉప్పుగాలికి నెల తిరక్కుండా వెనక జిగురు వదిలేసింది. కాయితం పలచన, జెల్ పెన్ పెడితే అవతలికి దిగిపోతుంది. తేదీలున్నాయి గానీ సంవత్సరం వేయలేదు, ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. నేను వేట నిషేధంలో మొదలుపెట్టాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు కదలవు, నాకూ అప్పుడే కాస్త తీరిక.

పేజీకి పైన ఒక సూక్తి, కింద సాయంత్రం రాసుకోవడానికి మూడు ప్రశ్నలు. సూక్తుల దగ్గరే నాకు పేచీ. చెప్పినవాడి పేరు వేస్తారు, ఏ పుస్తకంలోదో, ఎన్నో భాగమో వేయరు. వోచరు లేని ఖర్చు నేను రాసుకోను. అమ్మాయిని అడిగితే అసలు పుస్తకాల పాత ఇంగ్లిష్ అనువాదాలు ఫోన్‌లో ఉచితంగా దొరికాయి. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం, ఆగిపోయిన చోట తనే చెప్పింది.

ఎపిక్టెటస్ అని ఒకాయన, బానిసగా బతికినవాడు, కాలు కుంటి. ఆయన పాఠాలు శిష్యుడు అరియన్ రాసిపెట్టాడు. అందులో చిన్న పుస్తకంలో నాలుగో ముక్క స్నానశాల గురించి. అక్కడ నీళ్లు చిమ్మేవాళ్లు, తోసేవాళ్లు, తిట్టేవాళ్లు, సామాను కాజేసేవాళ్లు ఉంటారు, బయల్దేరే ముందే అవన్నీ తలుచుకో, స్నానంతో పాటు బుద్ధి చెదరకుండా చూసుకోవడం కూడా నీ పనే అనుకో అంటాడు. చదివి నవ్వొచ్చింది. తెల్లవారుజామున మా చేపల వేలం దగ్గరికి వచ్చి చూసి రాశాడా ఈయన? ఇప్పుడు స్కూటర్‌కి స్టాండ్ వేసి హెల్మెట్ తీసేలోపు ఆ నాలుగూ లెక్కపెట్టుకుంటున్నాను: ఐసు నీళ్లు పడతాయి, తోస్తారు, తిడతారు, ఒక ట్రే తగ్గుతుంది. సగం రోజులు పనిచేస్తోంది.

మూడో ముక్క మాత్రం మింగుడుపడలేదు. ఇష్టమైన కుండని కుండే అనుకుంటే పగిలినప్పుడు బాధపడవంటాడు, బాగుంది. వెంటనే పెళ్లాం బిడ్డల్ని కూడా అదే పద్దులో వేస్తాడు. అమ్మాయి "అయితే నేను కుండనా?" అంది.

డైరీ చేతికొస్తే ఎవరైనా ముందు పుట్టినరోజు పేజీ చూస్తారు. నేను నవంబర్ 19 తీశాను. 2023లో ఆ రాత్రే హార్బర్‌లో మంటలు లేచి 40 దాకా బోట్లు కాలిపోయాయి. మా బావమరిది బోటు అందులో ఒకటి. ఆ పేజీ మీద రోమ్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ పేరుతో, నష్టమంటే మార్పే తప్ప మరేం కాదని ఉంది. మాట ఆయనదే, ఆయన రాసుకున్న పుస్తకం తొమ్మిదో భాగంలో దొరికింది. కానీ ఆ తెల్లారి, ఇంకా పొగ వస్తున్న చెక్కల ముందు గొంతుక్కూర్చున్న మనిషికి ఈ మాట చెప్పి చూడండి. మావాడైతే చేతికందింది తీసుకుని కొట్టేవాడు.

అక్కడ వేయాల్సింది సెనెకా అనే రోమన్ తాత్వికుడి 91వ ఉత్తరం. 365 పేజీల్లో ఎక్కడా లేదు. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న లియాన్ నగరం తగలబడితే, ఆ ఊరివాడైన స్నేహితుడు లిబెరాలిస్ కుంగిపోయాడు. మహానగరానికీ, అసలు ఊరే లేకపోవడానికీ మధ్య ఒక్క రాత్రే తేడా అని రాస్తాడు సెనెకా. స్నేహితుడి దుఃఖాన్ని ఎగతాళి చేయడు. అనుకోకుండా మీద పడిందే ఎక్కువ బరువు, అందుకని జరగగలిగినవన్నీ ముందే తలుచుకుని ఉండు అంటాడు. అది చదివిన మర్నాడు నేను చూసే బోట్లన్నిటి ఇన్సూరెన్స్ గడువు తేదీలు లెడ్జర్ మొదటి పేజీకి ఎక్కించాను.

ఇక సాయంత్రం ప్రశ్నలు. ఈరోజు ఏ చెడ్డ అలవాటుకి మందు వేశావు, ఏ తప్పుకి ఎదురు నిలిచావు, ఎందులో మెరుగయ్యావు? ఇవి సెనెకా కోపం మీద రాసిన పుస్తకంలోవి. సెక్స్టియస్ అనే ఆయన ఇలా చేసేవాడని చెప్పి తనూ పాటించాడు. దీపం తీసేశాక, భార్య మాటలు ఆపాక, రోజంతా తిరగేసుకునేవాడట. మా ఇంట్లో ఆ రెండో షరతు తీరేసరికి పదకొండవుతుంది. మే నెలలో నా పేజీలు ఇలా ఉన్నాయి: "ఐసు కుర్రాడి మీద అరిచాను. తప్పు నా కూడికలోనే ఉంది. రేపు ఫోన్ చేయాలి." మర్నాడు: "చేయలేదు." ఆ మర్నాడు: "చేశాను. వాడు మర్చిపోయాడట."

ఐదుకి మూడు స్టార్లు, మూడూ ఆ సాయంత్రం ప్రశ్నలకే. జూన్ 15 తర్వాత చాలా పేజీలు ఖాళీ, అది డైరీ తప్పు కాదు. అట్ట పూర్తిగా ఊడిపోయాక మార్చి ఇమ్మని అమ్మినవాళ్లకి మెయిల్ పెట్టించాను. వారం ఆగి, గడువు దాటిపోయిందని జవాబిచ్చారు. ఆ రోజు సాయంత్రం పేజీలో చోటు చాలక పక్క పేజీలో కూడా రాశాను.